డోమ్ పెరిన్యాన్ బాటిల్ చేతికొచ్చిందా? ఎలా చల్లబరచాలి, ఎలా తెరవాలి, ఎలా రుచి చూడాలి

"అన్నా, మా అబ్బాయి వస్తూ డోమ్ పెరిన్యాన్ తెచ్చాడు. ఏడాదిగా బీరువాలో ఉంది. ఎప్పుడు తెరవమంటావు? ఎలా తాగాలి?"

ఈ ప్రశ్న నన్ను నెలకొకసారైనా ఎవరో ఒకరు అడుగుతారు. ఒకరికి కొడుకు తెచ్చి ఉంటాడు, ఒకరికి ప్రమోషన్ వచ్చినప్పుడు ఆఫీసులో ఇచ్చి ఉంటారు, ఇంకొకరు ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీలో ధైర్యం చేసి కొనుక్కుని ఉంటారు. తాగాక మళ్ళీ ఫోన్ చేసి చెప్పే మాట కూడా చాలాసార్లు ఒకటే: "ఏముంది అన్నా, పుల్లటి సోడాలా ఉంది." ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. దాదాపు ఎనిమిదేళ్ళు భూమి కింద సొరంగాల్లో పెరిగిన షాంపేన్, అంటే బుడగల వైన్ అది. దాన్ని ఫ్రీజర్లో గడ్డకట్టేదాకా పెట్టి, కేకు ముక్కతో పాటు పది నిమిషాల్లో మింగేస్తే ఇంకేం తెలుస్తుంది?

నా మొదటి బాటిల్ కూడా అలాగే పోయింది. ఒక స్నేహితుడి గృహప్రవేశం రాత్రి ఇరవై మంది మధ్య తెరిచాం. ప్లాస్టిక్ కప్పులు, చాక్లెట్ కేకు, పక్కనే మిర్చి బజ్జీలు. ఎవరికీ ఏమీ తెలియలేదు. అందరూ వెళ్ళిపోయాక రాత్రి పదకొండింటికి వంటగట్టు మీద చూస్తే బాటిల్ అడుగున ఒక గుక్కెడు మిగిలి ఉంది. చల్లదనం చాలావరకు పోయింది, బుడగలు కూడా తగ్గిపోయాయి. మంచినీళ్ళ గాజు గ్లాసులో పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెనం మీద వేగుతున్న బాదంపప్పు వాసన, దాని వెనకే దబ్బకాయ తొక్క వాసన. బాటిల్ మొత్తంలో నేను నిజంగా తాగింది ఆ గుక్కెడే. అప్పటి నుంచి ఈ రకం బాటిల్ తెరిచిన ప్రతిసారీ ఆ గుక్కెడులో దొరికింది మొదటి గ్లాసులోనే ఎలా దొరుకుతుందా అని చూస్తూ వచ్చాను. కింద రాసిన పద్ధతి అలా కుదిరిందే.

ముందుగా తెలియాల్సింది కొంచెమే

షాంపేన్ అంటే ఫ్రాన్స్‌లో పారిస్‌కి తూర్పున, రాన్స్, ఎపెర్నే పట్టణాల చుట్టూ ఉన్న సుద్దనేలల ప్రాంతం పేరు. అక్కడి వైన్‌కి మాత్రమే ఆ పేరు పెట్టుకునే హక్కు ఉంది. మామూలు షాంపేన్‌లో రెండు మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సంవత్సరాల వైన్లు కలుపుతారు. అందుకే లేబుల్ మీద సంవత్సరం ఉండదు. వింటేజ్ షాంపేన్ ఒకే ఏడాది పంటతో చేసింది. మామూలుదాన్ని అమ్మకానికి వదలడానికి ముందు కనీసం 15 నెలలు, వింటేజ్‌ని కనీసం 3 ఏళ్ళు సెల్లార్లో (భూమి కింది చల్లటి నిల్వ గదిలో) ఉంచాలన్నది అక్కడి చట్టం. ఎపెర్నేలోని మోయెట్ అండ్ షాండన్ వాళ్ళు చేసే డోమ్ పెరిన్యాన్ దాదాపు ఎనిమిదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఆ కాలమంతా బాటిల్ లోపలే చనిపోయిన ఈస్టు మడ్డితో కలిసి ఉండటం వల్లే ఆ కాల్చిన బ్రెడ్ వాసన, నోటిలో ఆ నునుపు వస్తాయి.

దీని మొదటి వింటేజ్ 1921. పినో న్వార్, షార్డొనే అనే రెండు రకాల ద్రాక్షతోనే చేస్తారు. పంట నచ్చని ఏడాది అసలు చేయరు. 2001, 2007, 2011 సంవత్సరాల బాటిల్ మీకెక్కడా కనిపించదు. ఎవరైనా ఆ ఏడాదిది అమ్ముతానంటే కొనకండి.

పేరు గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. డోమ్ పెరిన్యాన్ అనే సన్యాసి 1668 నుంచి 1715లో చనిపోయేదాకా ఎపెర్నే దగ్గరి ఓవిలేర్ మఠంలో వైన్ సెల్లార్లు చూసుకున్నాడు. బుడగల షాంపేన్‌ని కనిపెట్టింది ఆయనే అన్నది కట్టుకథే. ఆ రోజుల్లో బుడగలంటే బాటిళ్ళను పగలగొట్టే బెడద. వేర్వేరు తోటల ద్రాక్షను కలిపి మంచి వైన్ చేయడంలో ఆయన పనితనం మాత్రం నిజం.

కావలసినవి

- ఒక బాటిల్ (750 మి.లీ.), నలుగురు మనుషులు. అంతకన్నా ఎక్కువ మంది వద్దు.
- మనిషికి రెండేసి గాజు వైన్ గ్లాసులు. పొట్ట కొంచెం వెడల్పుగా, పైన మూతి సన్నగా ఉండేవి.
- బాటిల్ మెడ దాకా మునిగే స్టీలు బకెట్, రెండు మూడు కిలోల ఐసు, నీళ్ళు.
- శుభ్రమైన కాటన్ తువ్వాలు.
- వంటింటి థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోయినా నడుస్తుంది.
- షాంపేన్ స్టాపర్. రెండు వైపులా కొక్కేలతో బాటిల్ మెడను పట్టుకునే మూత ఇది. మామూలు వైన్ రబ్బరు బిరడా దీనికి పనికిరాదు, గ్యాసు దాన్ని పైకి తన్నేస్తుంది.
- తాగే నీళ్ళు, ఉప్పటి తినుబండారం ఏదో ఒకటి.
- రెండు గంటల సమయం. ఈ పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

వీలైతే ఇంకొకటి కూడా కొనండి: మోయెట్ వాళ్ళదే సంవత్సరం లేని మామూలు బ్రూట్ (తీపి చాలా తక్కువగా ఉండే రకం), చిన్న బాటిల్ దొరికితే చాలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగితే, నేను పది పేజీల్లో రాసినా అర్థం కానిది ఒక్క గుక్కలో అర్థమవుతుంది. ముందు మామూలుది, తర్వాత వింటేజ్. ఈ వరస తిప్పకండి.

1. బాటిల్‌ని చదవండి

వెలుతురులో పెట్టి చూడండి. డాలు ఆకారంలో ఉన్న లేబుల్ మీద వింటేజ్ సంవత్సరం స్పష్టంగా ఉంటుంది. దాన్నిబట్టి ఏం ఆశించాలో కొంత తెలుస్తుంది.

2008 చల్లగా గడిచిన ఏడాది. పులుపు పదునుగా, నిటారుగా ఉంటుంది. అది తెరుచుకోవడానికి, అంటే వాసన, రుచి పూర్తిగా బయటికి రావడానికి సమయం పడుతుందని 2009ని ముందు అమ్మకానికి వదిలి, 2008ని ఆ తర్వాత 2019లో వదిలారు. అలా వరస తప్పించడం ఆ కంపెనీవాళ్ళకు అలవాటు లేని పని. 2003 ఐరోపాని వడగాడ్పులు కాల్చేసిన ఏడాది. ఆ వైన్‌లో పులుపు తక్కువ, బరువు ఎక్కువ. 2013లో పంట ఆలస్యంగా కోతకొచ్చింది, వైన్ సన్నగా, తాజాగా ఉంటుంది. 2015 మళ్ళీ వేడి, పొడి ఏడాది. నన్నడిగితే మొదటిసారి తాగేవాళ్ళకు 2008 కొంచెం కఠినం. 2009గానీ 2015గానీ అయితే మొదటి గ్లాసు నుంచే మాట్లాడుతుంది.

లేబుల్ మీద "ప్లెనిట్యూడ్ 2" అనో "పీ2" అనో ఉంటే అది ఇంకా ఎక్కువ కాలం, సుమారు పదిహేనేళ్ళు, మడ్డి మీద పెంచిన వైన్. పద్ధతి అదే, సమయం ఇంకో గంట ఎక్కువ ఇవ్వండి.

తర్వాత మెడ దగ్గరి రేకు చూడండి. జిగురుగా కారిన మరక ఉన్నా, వైన్ మట్టం మెడ నుంచి బాగా కిందికి దిగినా బిరడా పట్టు వదిలిందని అర్థం. అలాంటిదైతే అతిథుల ముందు తెరవకండి, ముందు మీరొక్కరే తెరిచి చూసుకోండి.

2. దాచాలా, తాగేయాలా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే కాబట్టి సూటిగా చెబుతాను. మీ ఇంట్లో 10–13 డిగ్రీల్లో నిలకడగా ఉండే వైన్ ఫ్రిజ్ లేకపోతే దాచకండి. కొన్ని నెలల్లోపే తాగేయండి.

ఎపెర్నేలో ఈ బాటిళ్ళు పెరిగిన సొరంగాల్లో ఎండాకాలం, చలికాలం ఒకటే చల్లదనం, 10–12 డిగ్రీలు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో మే నెలలో బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. అటక మీద పెట్టారంటే ఇక చెప్పక్కర్లేదు. రెండు ఎండాకాలాలు అలా గడిపిన బాటిల్ ఒకటి మా బంధువుల ఇంట్లో తెరిచాం. రంగు టీ డికాక్షన్ వైపు తిరిగింది, బుడగలు చచ్చిపోయాయి, వాసన ఉడికిన ఆపిల్ ముక్కల్లా ఉంది. దాన్ని బాగు చేసే దారి లేదు. "మనవడి పెళ్ళికి దాచాం" అనేవాళ్ళు దయచేసి ఈ పేరా మళ్ళీ చదవండి.

వైన్ ఫ్రిజ్ లేనివాళ్ళకు మధ్యే మార్గం ఒకటుంది: మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో వెనక్కి, కాగితంలో చుట్టి, పడుకోబెట్టి రెండు మూడు నెలలు ఉంచవచ్చు. తలుపు అరలో మాత్రం పెట్టకండి. తీసి వేసినప్పుడల్లా కుదుపు, లైటు. వెలుతురు కూడా షాంపేన్‌కి శత్రువే. ముదురు ఆకుపచ్చ గాజు కొంత కాపాడుతుంది కానీ ట్యూబ్‌లైటు కింద నెలల తరబడి నిలబెట్టిన బాటిల్‌కి ఉడికిన క్యాబేజీ వాసన పట్టవచ్చు. అందుకే షాపులో షోకేసులో ఉన్నది కాకుండా పెట్టెలో ఉన్నది అడిగి తీసుకోండి. రోడెరర్ అనే ఇంకో షాంపేన్ కంపెనీ వాళ్ళ క్రిస్టల్ అయితే గాజుకి రంగే ఉండదు. దాని చుట్టూ ఉండే నారింజరంగు సెలొఫేన్ కాగితం అలంకారానికి కాదు, వెలుతురు ఆపడానికి. తాగే రోజు దాకా తీయకండి.

3. గదిని, గ్లాసుల్ని సిద్ధం చేయండి

ఈ వైన్ సగం ముక్కుతో తాగేది. గదిలో అగరొత్తి, సాంబ్రాణి, రూమ్ స్ప్రే ఏదీ ఉండకూడదు. తల్లో మల్లెపూలు, చొక్కా మీద సెంటు కూడా ఆ రెండు గంటలకు మానేస్తే మంచిది. వంటింట్లో తాలింపు వేస్తుంటే ఆ పక్క గదిలో కూర్చోకండి.

గ్లాసుల సంగతి. సినిమాల్లో కనిపించే సన్నటి పొడవాటి ఫ్లూట్ గ్లాసు బుడగలు చూడటానికి బావుంటుంది, ముక్కు పట్టదు. పళ్ళెంలా వెడల్పుగా ఉండే కూప్ గ్లాసులో వాసనంతా గాలిలో కలిసిపోతుంది. మామూలు వైట్ వైన్ గ్లాసు చాలు.

గ్లాసుకి సబ్బు వాసన ఉండకూడదు, సబ్బు పొర మిగిలితే నురగ కూడా సరిగా నిలవదు. వేడినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి, బోర్లించి ఆరనిచ్చి, కాటన్ గుడ్డతో తుడవండి. గుడ్డ నుంచి కంటికి కనిపించని నూలు పోగులు గ్లాసుకి అంటుకుంటాయి, బుడగలు ఆ పోగుల మీదే పుడతాయి. అందుకే ఒకే బాటిల్ వైన్ ఒక గ్లాసులో జలజలా పొంగుతుంది, ఇంకో దాంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది. బుడగల్ని చూసి వైన్ నాణ్యత తేల్చేయకండి. మీరు ఎక్కువగా చూస్తున్నది గ్లాసునే.

4. చల్లబరచండి

తెరిచేటప్పుడు వైన్ 8 డిగ్రీల దగ్గర, తాగేటప్పుడు 10–12 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లగా తెరిస్తే గ్యాసు పొంగకుండా వైన్‌లోనే ఉంటుంది. కొంచెం వేడెక్కాక తాగితే వాసన బయటికొస్తుంది.

బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి బాటిల్‌ని మెడ దాకా ముంచండి. ఏసీ గదిలో ఉన్న బాటిల్‌కి 30 నిమిషాలు, బయటి వేడిలో ఉన్నదానికి 40–45 నిమిషాలు పడుతుంది. ఉత్త ఐసులో గుచ్చితే చల్లబడటానికి చాలా ఎక్కువసేపు పడుతుంది, నీళ్ళు తప్పనిసరి.

ఐసు లేకపోతే ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పడుకోబెట్టండి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది మరీ చలి. తెరవడానికి పావుగంట ముందు బయట పెట్టండి.

హెచ్చరిక: ఫ్రీజర్లో పెట్టవద్దు. "పదినిమిషాలే కదా" అని పెట్టి మర్చిపోతారు. గడ్డకట్టడం మొదలైతే లోపలి ఒత్తిడికి బాటిల్ పగలవచ్చు, బిరడా ఎగిరిపోవచ్చు. గ్లాసులో ఐసు ముక్కలు వేయడం, గ్లాసుల్ని ఫ్రీజర్లో పెట్టి తెల్లగా మంచు పట్టించడం కూడా వద్దు.

5. తెరవండి

లోపల 5–6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి రెట్టింపు పైమాటే. బిరడా కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ మెట్టు ఎవరైనా వీడియో తీస్తున్నారని తొందరపడకుండా చేయండి.

బాటిల్‌ని పూర్తిగా తుడవండి. తడి చేతికి జారుతుంది. రేకు తీసేయండి. ఇప్పుడు ఎడమచేతి బొటనవేలు బిరడా తల మీద గట్టిగా పెట్టండి, ఇక అది ఊడేదాకా అక్కడి నుంచి తీయకండి. కుడిచేత్తో తీగ గూడు చెవిని తిప్పండి. మామూలుగా ఆరు అరచుట్లు. తీగ వదులవగానే చాలామంది దాన్ని తీసి పక్కన పెడతారు. తీయకండి, దానితో కలిపే బిరడాని పట్టుకోండి. పట్టు బావుంటుంది, ప్రమాదం తగ్గుతుంది.

మీద తువ్వాలు కప్పండి. బాటిల్‌ని 45 డిగ్రీలు వంచి, మూతిని మనుషులు, లైట్లు, టీవీ లేని వైపుకి తిప్పండి. ఇప్పుడు బిరడాని కదలకుండా పట్టుకుని, అడుగు దగ్గర పట్టుకున్న బాటిల్‌ని మెల్లగా తిప్పండి. తిరగాల్సింది బాటిల్. బిరడాని తిప్పితే పాత బాటిల్లో అది మధ్యలో విరిగే అవకాశం ఉంది. కాసేపటికి బిరడా తనంతట తానే పైకి నెట్టుకొస్తుంది. ఆ క్షణంలో మీరు దాన్ని కిందికి నొక్కి పట్టాలి. చివరికి "ఉస్స్" అని ఒక చిన్న నిట్టూర్పు వినిపించాలి. "ఠాప్" అని పేలిందంటే గ్యాసు ఎక్కువగా పోయిందని.

బిరడా విరిగితే కంగారు పడకండి. బాటిల్‌ని మళ్ళీ పది నిమిషాలు ఐసులో పెట్టి, తువ్వాలు కప్పి, మామూలు కార్క్ స్క్రూతో చాలా నెమ్మదిగా, ముఖం దూరంగా పెట్టి లాగండి.

కత్తితో మెడ కొట్టి తెరవడం ఈ బాటిల్ మీద ప్రయోగించకండి.

బిరడాని పారేయకండి, చూడండి. పక్కన షాంపేన్ అన్న పేరు, వింటేజ్ సంవత్సరం ముద్రించి ఉండాలి. లేబుల్ మీది సంవత్సరంతో కలవాలి. కలవకపోతే బాటిల్ అసలుది కాదని అనుమానించండి. తక్కువ కాలం ఉన్న బిరడా అడుగు లంగాలా విచ్చుకుంటుంది. ఏళ్ళ తరబడి బాటిల్లో ఉన్నది విచ్చుకోకుండా మేకులా నిటారుగా ఉండిపోతుంది.

6. పోయండి

ముందు మీ గ్లాసులో రెండు గుక్కలు పోసి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన, వానాకాలం మూసిన గది వాసన వస్తే బిరడా వల్ల వైన్ పాడైందని. ఆగితే ఆ వాసన పెరుగుతుందే తప్ప పోదు. షాపులో కొన్నదైతే బాటిల్ అలాగే మూసి, బిల్లుతో తీసుకెళ్ళి అడగండి.

అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు సన్నటి పొగ వాసన వస్తే మాత్రం భయపడకండి. డోమ్ పెరిన్యాన్ స్వభావమే అది. గాలి తగలకుండా చాలా జాగ్రత్తగా చేయడం వల్ల వచ్చే వాసన. పదినిమిషాల్లో అది కాల్చిన బ్రెడ్ వైపు తిరుగుతుంది. నాకు ఫోన్ చేసి "పాడైపోయిందన్నా" అన్నవాళ్ళలో కొందరు ఈ వాసనకే బెదిరి సింకులో పోసేశారు.

గ్లాసుని వంచి, గోడ వెంబడి జారేలా పోయండి. రాన్స్ విశ్వవిద్యాలయంలో బుడగల మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న జెరార్ లిజే-బెలేర్ బృందం 2010లో కొలిచి చూపించింది: నిటారు గ్లాసులో పైనుంచి పోసినదానికన్నా వంచిన గ్లాసులో పోసినప్పుడు గ్యాసు ఎక్కువగా నిలుస్తుంది.

ఎంత పోయాలి? మనిషికి 60 మి.లీ. మాత్రమే. నలుగురికి మూడు విడతలు అంటే 720 మి.లీ., బాటిల్ సరిగ్గా సరిపోతుంది. గ్లాసు నిండా పోస్తే ముక్కుకి చోటుండదు, ఏసీ ఉన్న గదిలోనైనా చివరి సగం వేడెక్కిపోతుంది.

7. మూడు విడతల్లో తాగండి

మొదటి విడత, తెరిచిన వెంటనే. గ్లాసుని గిరగిరా తిప్పకండి, రెడ్ వైన్ అలవాటు ఇక్కడ పనికిరాదు, గ్యాసు పోతుంది. ముక్కు దగ్గర పెట్టి చిన్నగా పీల్చండి, దూరం జరిపి, మళ్ళీ పీల్చండి. ఇప్పుడు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు: నిమ్మ, ఆ పొగ, కొత్తగా వెల్ల వేసిన గోడ మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన. ఒక చిన్న గుక్క నోట్లో పెట్టి నాలుగైదు సెకన్లు ఆపండి. నురగ నాలుక మీద ఇసుకలా గుచ్చుకుంటోందా, వెన్నలా పరుచుకుంటోందా గమనించండి. మింగాక లోపల్లోపలే సెకన్లు లెక్కపెట్టండి. రుచి ఎప్పుడు పోయింది? ఆ అంకె కాగితం మీద రాసుకోండి.

ఇరవై నిమిషాలు ఆగండి. బాటిల్‌ని ఐసులోంచి తీసి బల్ల మీద పెట్టండి. గ్లాసులో కొంచెం మిగల్చి పక్కన పెట్టండి, తర్వాతి విడతలు రెండో గ్లాసులో పోసుకోండి.

రెండో విడత. ఇప్పుడు వైన్ 11 డిగ్రీల దగ్గరికొస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అరగంట ఇది. బన్నులు పొయ్యిలోంచి తీస్తున్న బేకరీ ముందు నుంచి నడిచినట్టు ఉంటుంది. వేయించిన బాదం, దబ్బకాయ తొక్క, పండు పీచ్, కొన్ని వింటేజ్‌లలో తేనె. పాతబడిన బాటిల్ అయితే పుట్టగొడుగులు, కాఫీ గింజ దాకా వెళుతుంది. మీకు వేరే ఏదైనా తడితే అదే రాసుకోండి. మీ అమ్మమ్మగారి ఇంటి బియ్యం కొట్టు గుర్తొస్తే అదీ సరైన జవాబే. తప్పు జవాబంటూ లేదు. మళ్ళీ సెకన్లు లెక్కపెట్టండి.

మూడో విడత, తెరిచిన గంటా గంటన్నరకి. బుడగలు తగ్గుతాయి. ఇప్పుడు దాన్ని మంచి వైట్ వైన్ అనుకుని తాగండి. పులుపు, పండు, నురగ విడివిడిగా కాకుండా ఒకే ముద్దగా అనిపిస్తాయి. 2008 లాంటి కఠినమైన ఏడాదులు ఇక్కడే తెరుచుకుంటాయి. మొదటి విడతలో మిగిల్చిన గుక్క ఉంది చూడండి, దాన్ని ఇప్పుడు తాగి పోల్చండి.

కొందరు దీన్ని జగ్గులో వంపి గాలి తగిలిస్తారు. నాకు నచ్చలేదు. పదేళ్ళు దాచిన నురగ ఆ వంపులోనే పోతుంది. గ్లాసులో సమయం ఇస్తే చాలు.

మధ్యమధ్య నీళ్ళు తాగండి. ఆల్కహాల్ 12.5 శాతం, చల్లగా తేలిగ్గా దిగుతుంది కాబట్టి తెలియదు. తాగినవాళ్ళెవరూ బండి తీయకూడదు.

8. పక్కన ఏం తినాలి?

కారం వద్దు. ఇది మన ఇళ్ళలో మింగుడు పడని మాట, కానీ ఇందులో రాజీ లేదు. బుడగల గుచ్చుడు మిరపకాయ మంటను పెంచుతుంది, మంట వైన్‌ని చంపుతుంది. ఆవకాయ, మిర్చి బజ్జీ, బిర్యానీ తర్వాత తినండి.

కేకు, గులాబ్ జామ్ కూడా వద్దు. ఈ వైన్‌లో చక్కెర చాలా తక్కువ. నోట్లో తీపి ఉన్నప్పుడు తాగితే పచ్చి నిమ్మరసంలా ఉంటుంది. "పుల్లటి సోడా" అన్నవాళ్ళలో ఎక్కువమంది పుట్టినరోజు కేకుతో తాగినవాళ్ళే.

ఉప్పు, వెన్న, నూనెలో కరకర వేగినది: ఈ మూడు ఈ వైన్‌కి ప్రాణం. బయటి దేశాల్లో అయితే కాంతే, పార్మెజాన్ అనే గట్టి చీజ్‌లు, ఆయిస్టర్లు (సముద్రపు గుల్లలు). మన దగ్గర నేను పెట్టేవి: ఉప్పు వేసి నేతిలో వేయించిన జీడిపప్పు, కారం, మసాలా లేకుండా వెన్నలో వేపిన రొయ్యలు, మిరియాలు కూడా తక్కువగా వేసిన కొరమీను వేపుడు. శాకాహారులకు మినప అప్పడాలు, పచ్చిమిర్చి, అల్లం వేయని చిన్న గారెలు. గారె కరకర, లోపలి మెత్తదనం, దాని మీద ఆ పులుపు. ఒకసారి చేసి చూడండి. మొదటి విడత మాత్రం ఏమీ తినకుండా తాగండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

కాగితం మీద రాసుకున్న సెకన్లు చూడండి. రెండో విడత అంకె మొదటిదానికన్నా పెరిగి ఉండాలి. పెరగలేదంటే ఎక్కువసార్లు కారణం చలి. గ్లాసుని రెండు అరచేతుల మధ్య రెండు నిమిషాలు పట్టుకుని మళ్ళీ వాసన చూడండి. అప్పుడు తెరుచుకుంటే, ఈసారి ఐసులోంచి పది నిమిషాలు ముందు తీయాలని రాసుకోండి.

పోయగానే నురగ కక్కి బల్ల మీద పడిందంటే బాటిల్ చల్లబడలేదు, లేదా మోసుకొచ్చేటప్పుడు కుదిపారు. ప్రయాణం చేసొచ్చిన బాటిల్‌ని కనీసం వారం కదపకుండా ఉంచాకే తెరవండి.

పులుపొక్కటే తెలిసి ఇంకేమీ తెలియకపోతే: చలి, తీపి తిండి, సన్న గ్లాసు. ఈ మూడిట్లో ఒకటి. చప్పగా, ఉడికిన పండులా ఉంటే నిల్వలో వేడి తగిలింది. తడి అట్ట అయితే బిరడా. ఉడికిన క్యాబేజీ అయితే వెలుతురు. మొదటి మూడూ మీ చేతిలో ఉన్నవి, వెంటనే దిద్దుకోవచ్చు.

మిగిలితే

వెంటనే స్టాపర్ బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మెడలో వెండి చెంచా వేలాడదీస్తే గ్యాసు పోదని కొందరు చెబుతారు, అది పనిచేయదు. స్టాపర్‌తో మర్నాడు సాయంత్రం దాకా బావుంటుంది, కొన్ని వింటేజ్‌లు మర్నాడే ఇంకా బావుంటాయి.

గ్లాసుల్ని ఆ రాత్రి కడగకండి. మీరు తాగినదాన్ని బల్ల మీద అలాగే వదిలేసి, పొద్దున కాఫీకి ముందు ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూడండి. గ్యాసు లేదు, పులుపు లేదు, చలి లేదు. అడుగున ఎండిపోయిన ఒక చుక్క. దాంట్లోంచి తేనె, కాల్చిన బ్రెడ్ అంచు వాసన ఇంకా వస్తుంటే మీ బాటిల్ మంచిది, మీరు దాన్ని సరిగ్గానే తెరిచారు.